ఉలూరు చుట్టూ ఒక నడక

మాలా కార్‌పార్కు దగ్గర దిగి కొండ పడమటి వాలు వైపు చూస్తే, ఎర్రని రాతి మీద పైకి పాకిన పాలిపోయిన చార ఒకటి కనిపిస్తుంది. దశాబ్దాల పాటు ఎక్కినవాళ్ల బూట్ల కింద తుప్పు రంగు పైపొర అరిగిపోయి పడిన బాట అది. 1964లో ఆ వాలు మీద ఇనుప కమ్మీలు పాతి, పట్టుకుని ఎక్కడానికి గొలుసు బిగించారు. జారిపడీ, గుండె ఆగీ 35 మందికి పైగా ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2019 అక్టోబరు 26న ఎక్కడాన్ని పూర్తిగా నిషేధించారు. కమ్మీలు, గొలుసు తీసేశారు. చార ఇంకా అలాగే ఉంది.

ఇప్పుడు ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఈ ఎడారికి వచ్చేవాళ్లు ఉలూరు చుట్టూ నడుస్తారు. బాట పొడవు 10.6 కిలోమీటర్లు, తాపీగా నడిస్తే మూడున్నర గంటలు. సింహాచలం గిరి ప్రదక్షిణ చేసినవారికి కొండ చుట్టూ నడవడమంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ గుడి లేదు, కొండే పూజనీయం. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లల సెలవుల్లో ఇక్కడికి వస్తుంటాయి. చాలామంది సూర్యోదయానికో ఫొటో, సూర్యాస్తమయానికో ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. వాళ్లను ఆపి, ఒక్క పూట నడవండని చెప్పాలని ఉంది. ఎందుకంటే ఈ కొండ చరిత్రలో ముఖ్యమైనదంతా పాదం దగ్గరే జరిగింది. గుహలు, నీటి మడుగులు, బొమ్మలు, ఒక హత్య, ఒక అప్పగింత, అన్నీ ఈ పది కిలోమీటర్ల చుట్టులోనే ఉన్నాయి.

తెల్లవారగానే బయలుదేరాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పదకొండు గంటలలోపు నడక ముగించమని పార్కు సిబ్బంది హెచ్చరిస్తారు. గంటకు ఒక లీటరు చొప్పున మంచినీళ్లు వెంట ఉండాలి. జూన్, జూలైలలో అయితే రాత్రి చలి సున్నా కిందికి పోతుంది, పగలు నడకకు హాయిగా ఉంటుంది. ఎండలు ముదిరిన నెలల్లో ఈగలు కళ్లలో, ముక్కులో దూరతాయి. ముఖానికి వలముసుగు వేసుకున్నవాళ్లే సుఖపడతారు.

నేల నుంచి ఉలూరు ఎత్తు 348 మీటర్లు, చుట్టుకొలత 9.4 కిలోమీటర్లు. దూరం నుంచి నున్నగా కనిపించే రాయి దగ్గరికి వెళ్లేకొద్దీ పొరలుపొరలుగా, గుంతలుగా, పెచ్చులుగా విడిపోతుంది. సుమారు 55 కోట్ల ఏళ్ల కిందట దగ్గరలోని పర్వతాల నుంచి కొట్టుకొచ్చిన ఇసుక ఇక్కడ మేట వేసింది. ఆ మీదట సముద్రం కమ్మింది, బరువుకు ఇసుక రాయి అయింది. ఆ తర్వాత భూమి ఒత్తిడికి పొరలన్నీ మొగ్గి దాదాపు నిలువుగా లేచాయి. అందుకే కొండ మీది గీతలు అడ్డంగా కాక నిలువుగా ఉంటాయి. రాయి అసలు రంగు బూడిద. అందులోని ఇనుము గాలికి, నీటికి తుప్పు పట్టి ఈ ఎరుపు వచ్చింది. గుహల లోపలి గోడల మీద ఆ బూడిద రంగు ఇప్పటికీ కనబడుతుంది.

సవ్యదిశలో నడిస్తే మొదట వచ్చేది మాలా జనం కథ జరిగిన చోటు. మాలా అంటే కుందేలంత ఉండే ఒక చిన్న కంగారూ జాతి జీవి. సృష్టికాలంలో మాలా పూర్వీకులు ఉత్తరం నుంచి వచ్చి ఇక్కడ క్రతువు మొదలుపెట్టారు. పడమటి నుంచి వచ్చిన వింటల్కా మనుషులు తమ క్రతువుకు రమ్మని పిలిచారు. మొదలుపెట్టిన క్రతువును మధ్యలో ఆపలేమన్నారు మాలాలు. అవమానపడినవాళ్లు కుర్పనీ అనే రాక్షస కుక్కను పుట్టించి పంపారు. లూన్‌పా అనే లకుముకి పిట్ట స్త్రీ చేసిన హెచ్చరికను ఎవరూ చెవిన పెట్టలేదు. కుర్పనీ దాడిలో కొందరు చనిపోయారు, మిగిలినవాళ్లు దక్షిణానికి పారిపోయారు. ఇలాంటి కథలనూ, వాటి నుంచి వచ్చే ధర్మాన్నీ, బంధుత్వాలనూ, భూమి మీది బాధ్యతలనూ కలిపి ఈ నేల సొంతదారులైన అనంగు ప్రజలు జుకుర్పా అంటారు. నిషేధించిన ఎక్కుడు దారి ఆ మాలా పూర్వీకులు నడిచిన దారి. అనంగులు ఎక్కవద్దని దశాబ్దాలుగా వేడుకున్నది అందుకే. పైగా తమ నేల మీదికి వచ్చిన అతిథి చనిపోతే ఆ పాపం తమదేనని వాళ్లు భావిస్తారు.

అసలు మాలా జీవి కూడా ఈ నేల నుంచి అదృశ్యమైపోయింది. బయటి నుంచి వచ్చిన నక్కలు, పిల్లులు వాటిని తినేశాయి. 2005లో పార్కు లోపల కంచె వేసిన ఆవరణలో 24 మాలాలను తెచ్చి వదిలారు. తమ పూర్వీకులే తిరిగొచ్చినట్టుగా అనంగులు వాటిని ఆహ్వానించారు.

కాంచూ లోయ దాటాక ఈశాన్య ముఖం వస్తుంది. నీడ లేని బాట ఇది. ఒక పక్క స్పినిఫెక్స్ గడ్డి, ఎర్ర ఇసుక. మరో పక్క కొండ. అక్కడక్కడా ఫొటోలు తీయవద్దని బోర్డులుంటాయి. కొన్ని చోట్ల మగవాళ్ల క్రతువులు, కొన్ని చోట్ల ఆడవాళ్ల క్రతువులు జరుగుతాయి. ఆ చోట్ల బొమ్మలు చూడకూడనివారి కంటపడకూడదు. ఫోను జేబులో పెట్టుకుని నడిచే ఈ రెండు, మూడు కిలోమీటర్లలో తెల్లవాళ్లు ఇక్కడికి ఎలా వచ్చారో నెమరేసుకోవచ్చు. ఆ కథ మద్రాసు దాకా వస్తుంది.

1872 ఆగస్టులో ఆస్ట్రేలియా ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి చీలుస్తూ టెలిగ్రాఫ్ తీగ పూర్తయింది. ఛార్లెస్ టాడ్ నాయకత్వంలో సుమారు 3,200 కిలోమీటర్ల మేర 36,000 స్తంభాలు పాతారు. డార్విన్ నుంచి సముద్రం అడుగున కేబుల్ జావాకు, అక్కడి నుంచి సింగపూర్, పెనాంగ్‌ల మీదుగా మద్రాసుకు చేరేది. ఓడ మీద నెలల తరబడి పట్టే వార్త మన తీరం తాకి కొన్ని గంటల్లో లండన్ చేరడం మొదలైంది. ఆ తీగ కోసం ఎడారి మధ్యలో కట్టిన స్టేషన్లలో ఒకటి ఆలిస్ స్ప్రింగ్స్. పడమటి ఎడారిని శోధించడానికి బయలుదేరినవాళ్లకు అదే మజిలీ అయింది. 1872లో ఎర్నెస్ట్ జైల్స్ దూరం నుంచి కాటా జూటా అనే రాతి గుబ్బల గుంపును చూశాడు. అడ్డంగా పడి ఉన్న ఉప్పు సరస్సు దాటలేక వెనుదిరిగాడు. 1873 జూలైలో విలియం గాస్ ఉలూరు పాదం చేరాడు. దక్షిణ ఆస్ట్రేలియా నాయకుడు హెన్రీ ఏయర్స్ పేరు దానికి తగిలించాడు.

గాస్ వెంట కొండ పైకి ఎక్కింది కమ్రాన్ అనే ఒంటెల కాపరి. ఉలూరు శిఖరం చేరిన బయటివాళ్లుగా నమోదైన మొదటి ఇద్దరిలో ఒకడు ఆసియావాడు అన్న సంగతి ఎన్నో పర్యాటక పుస్తకాల్లో కనబడదు. 1866లో థామస్ ఎల్డర్ అనే వ్యాపారి కరాచీ రేవు నుంచి వందకు పైగా ఒంటెలను, 31 మంది కాపరులను దక్షిణ ఆస్ట్రేలియాకు రప్పించాడు. బలూచిస్తాన్, సింధు, పంజాబు, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి వచ్చినవాళ్లందరినీ కలిపి అఫ్ఘాన్లని పిలిచేవారు. గుర్రాలు దప్పికతో కూలిపోయే చోట వీళ్ల ఒంటెలు సరుకులు, పనిముట్లు మోశాయి. అడిలైడ్ నుంచి ఆలిస్ స్ప్రింగ్స్ మీదుగా డార్విన్ వెళ్లే రైలుకు ‘ఘాన్’ అనే పేరు వాళ్ల నుంచే వచ్చింది. వాళ్ల శ్రమకు ఆ పేరు చాలదు. దారి చూపిన కాపరుల పేర్లు మ్యాపుల మీద ఉండాల్సినన్ని లేవు.

తూర్పు కొస తిరిగి దక్షిణం వైపు వచ్చేసరికి చెట్లు చిక్కబడతాయి. ముతిజూలు మడుగు ఇక్కడే. కరవులోనూ నీళ్లు దొరికే అరుదైన చోటు. అనంగులు చెప్పే కథలో, తూర్పు నుంచి వచ్చిన కునియా అనే కొండచిలువ స్త్రీ, తన మేనల్లుణ్ణి లీరూ అనే విషసర్పాల యోధులు ఈటెలతో పొడిచారని తెలిసి, తవ్వుగోలతో ఒక లీరూ తల మీద రెండు దెబ్బలు వేసింది. గోడ మీద ఆ రెండు లోతైన గాట్లు చూపిస్తారు. పక్కనున్న గుహ గోడల నిండా తరాలు ఒకదాని మీద ఒకటి వేసిన బొమ్మలున్నాయి.

ఇదే మడుగు దగ్గరి ఒక గుహలో 1934 అక్టోబరులో యోకునున్నా అనే అనంగు యువకుణ్ణి పోలీసు కానిస్టేబుల్ బిల్ మెకినన్ కాల్చి చంపాడు. తమ ధర్మం ప్రకారం ఒక మనిషిని చంపారన్న కేసులో పట్టుబడిన కొందరు తప్పించుకుని ఉలూరుకు పారిపోయి వచ్చారు. వాళ్లలో యోకునున్నా ఒకడు. అతని సోదరుడు పాడీ ఉలూరు తప్పించుకున్నాడు. 1935లో విచారణ సంఘం ఇక్కడికి వచ్చింది, శవాన్ని తవ్వి తీసింది, అవశేషాలను అడిలైడ్ తరలించింది. కానిస్టేబుల్‌కు ఏ శిక్షా పడలేదు. చాలా ఏళ్ల తర్వాత చరిత్రకారుడు మార్క్ మెకెన్నా ఆ కానిస్టేబుల్ సొంత దినచర్య పుస్తకం వెతికి పట్టుకున్నాడు. తగలాలనే కాల్చానని అందులో రాసి ఉంది. విచారణలో చెప్పింది వేరు. మెకెన్నా 2021లో వెలువరించిన ‘రిటర్న్ టు ఉలూరు’లో ఈ వివరాలన్నీ ఉన్నాయి. యోకునున్నా పుర్రె దక్షిణ ఆస్ట్రేలియా మ్యూజియంలో దొరికింది. 2022లో అతని అవశేషాలను తిరిగి తెచ్చి ఈ నేలలోనే పూడ్చారు. చనిపోయిన 88 ఏళ్లకు ఇల్లు చేరాడు.

పాడీ ఉలూరు ఇరవై ఏళ్ల పైచిలుకు ఈ చోటికి దూరంగా బతికాడు. 1950లలో తిరిగొచ్చేసరికి కొండ పర్యాటకుల చేతిలోకి పోతోంది. 1920లో ఆదివాసీల కోసం కేటాయించిన రక్షిత భూమి నుంచి ఉలూరును, కాటా జూటాను 1958లో విడదీసి జాతీయ పార్కు చేశారు. కొండ పాదం దగ్గరే మోటెళ్లు, విమానాలు దిగే చదును వెలిశాయి. 1979లో అనంగులు భూమి హక్కు కోసం వేసిన దావాలో పార్కు భూమిని చట్టం సాకుతో మినహాయించారు. అదే ఏడాది పాడీ చనిపోయాడు.

1983 నవంబరులో ప్రధాని బాబ్ హాక్ కొండను తిరిగిస్తామని ప్రకటించారు. 1985 అక్టోబరు 26న గవర్నర్ జనరల్ నినియన్ స్టీఫెన్ హక్కు పత్రాలను అనంగు పెద్దలకు అందించారు. ఆకాశంలో ఒక చిన్న విమానం ఏయర్స్ రాక్ ఆస్ట్రేలియన్లందరిదీ అన్న బ్యానరు లాగుతూ తిరిగింది. పత్రాలు అందుకున్న వెంటనే అనంగులు అదే భూమిని 99 ఏళ్లకు ప్రభుత్వానికి లీజుకిచ్చారు. ఎక్కడాన్ని నిషేధిస్తామని ప్రభుత్వం ఇచ్చిన మొదటి మాట నిలబడలేదు. ఆ మాట కోసం వాళ్లు మరో 34 ఏళ్లు ఆగారు. ఆ సహనం నన్ను కదిలిస్తుంది. గేటు మూయకుండా, కేసులు పెట్టకుండా, దయచేసి ఎక్కకండి అని రాసి అడిగారు. 1990లలో వచ్చినవారిలో నూటికి డెబ్బై మందికి పైగా ఎక్కేవారు. 2015 నాటికి ఆ సంఖ్య ఇరవై లోపుకు పడిపోయింది. వినేవాళ్లు పెరిగారు. 2017లో పార్కు బోర్డు ఏకగ్రీవంగా నిషేధానికి ఓటేసినప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్నది పాడీ ఉలూరు మనవడు శామీ విల్సన్. రెండేళ్ల తర్వాత, అప్పగింత రోజైన అక్టోబరు 26నే అది అమల్లోకి వచ్చింది.

నడక ముగించి మధ్యాహ్నం సాంస్కృతిక కేంద్రంలో గడపాలి. మట్టి ఇటుకలతో కునియా, లీరూ వంపుల్లో కట్టిన ఈ భవనం అప్పగింత పదో వార్షికోత్సవమైన 1995లో మొదలైంది. ఉలూరు నుంచి జ్ఞాపికగా రాయి ఎత్తుకుపోయినవాళ్లు పశ్చాత్తాపంతో క్షమాపణ ఉత్తరాలు జతచేసి పోస్టులో వాటిని తిరిగి పంపుతుంటారు. పిల్లలతో వెళ్లేవాళ్లు గులకరాయి కూడా తీయనివ్వకండి.

సాయంత్రానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని కాటా జూటాకు వెళ్లొచ్చు. 36 గుబ్బలు. అన్నిటికంటే పెద్దది ఉలూరుకంటే దాదాపు 200 మీటర్లు ఎత్తు. ఈ ఎడారిని ఎన్నడూ చూడని వుర్టెంబర్గ్ రాణి ఓల్గా పేరు జైల్స్ దానికి పెట్టాడు. ఉలూరు ముతక ఇసుక రాయి అయితే, ఇది గుండ్రాళ్లు, బండలు కలిసి గట్టిపడిన రాయి. రెండు గోడల నడుమ సాగే వాల్పా లోయ నడక రానూపోనూ 2.6 కిలోమీటర్లు, పెద్దవాళ్లూ తేలిగ్గా నడవగలరు. గాలుల లోయ దారి 7.4 కిలోమీటర్లు, ఎండ 36 డిగ్రీలకు చేరుతుందన్న రోజు పదకొండింటికి మూసేస్తారు. అందుకని దాన్ని మర్నాటి ఉదయానికి ఉంచుకోండి. కాటా జూటా అనంగు పురుషుల పవిత్ర స్థలం, దాని కథలు బయటివాళ్లకు చెప్పరు. గైడును వాటి కోసం ఒత్తిడి చేయకండి. రాళ్ల గురించి, మొక్కల గురించి, ఏ చెట్టు కింద నీడ ఎప్పుడు పడుతుందో దాని గురించి అడగండి, ఎంతసేపైనా చెబుతారు.