నాట్ (ఓడ వేగం)
ఓడ గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు సాగితే ఆ వేగం ఒక నాట్. ఇంగ్లిషులో ఈ మాటకు ముడి అని అర్థం. ఆ ముళ్లు ఒకప్పుడు నిజంగానే తాడుకు ఉండేవి. పావు చక్రం ఆకారపు చెక్కకు వంపు అంచున సీసం బిగించి, నీళ్లలో నిటారుగా నిలిచేలా చేసి, తాడు కట్టి ఓడ వెనక వదిలేవారు. చెక్క దాదాపు ఉన్నచోటే ఉంటుంది, ఓడ ముందుకు పోతుంది, తాడు జరజరా విప్పుకుంటుంది. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా నావికుడి వేళ్ల సందున ఎన్ని ముళ్లు జారితే అన్ని నాట్లు (వరి నాట్లు గుర్తొస్తే తప్పు మన చెవిది కాదు). ముడికీ ముడికీ ఎడం 47 అడుగుల 3 అంగుళాలు. గంట లెక్క మాటలోనే ఉంది కనుక ‘గంటకు పది నాట్లు’ అనడం పొరపాటు. గాలికీ ఇదే కొలత: తీవ్ర వాయుగుండంలో గాలి వేగం 34 నాట్లు అందుకుంటే భారత వాతావరణ శాఖ దాన్ని తుపానుగా లెక్కిస్తుంది.