గొట్టంతో కడిగే కారు

పొలం నుంచి బురద కాళ్లతో ఎక్కినా ఫర్వాలేదు, ఇంటికొచ్చాక నీళ్ల గొట్టం లోపలికి తిప్పి కడిగేసుకోవచ్చు. 1970 జూన్‌లో ఇంగ్లండ్‌లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్ అలాంటి బండి. సీట్లు వినైల్‌వి, డాష్‌బోర్డు ఉత్త ప్లాస్టిక్కు. తలుపులు రెండే కాబట్టి వెనక కూర్చునేవాళ్లు ముందు సీటు వంచి దూరాల్సిందే. మొదట్లో పవర్ స్టీరింగ్ కూడా లేదు.

మరి సుఖం ఏదంటే, అది సీటు కింద ఉంది. అప్పట్లో కొండలూ గుట్టలూ ఎక్కే బళ్లు దాదాపు అన్నీ కమాను పట్టీల మీదే నడిచేవి, ఒళ్లు హూనమయ్యేది. ఇంజినీరు చార్లెస్ స్పెన్సర్ కింగ్ బృందం నాలుగు చక్రాలకూ పొడవాటి కాయిల్ స్ప్రింగులు పెట్టింది. ఎంత గుంతలోనైనా చక్రం నేలను వదలకూడదన్నది వాళ్ల లెక్క. నడుము నొప్పి తగ్గడం దాంతోపాటు కలిసొచ్చింది.

తర్వాత షోకులు మొదలయ్యాయి. 1981లో నాలుగు తలుపులొచ్చాయి. అదే ఏడు ‘వోగ్’ ఫ్యాషన్ పత్రిక పేరుతో వచ్చిన ప్రత్యేక మోడల్‌లో తలుపులకు వాల్‌నట్ చెక్క అమర్చి, వనభోజనాల బుట్ట కూడా ఇచ్చారు. కడిగే బండి కాస్తా తుడిచే బండి అయింది!

2008లో టాటా మోటార్స్ రేంజ్ రోవర్ తయారుచేసే సంస్థను కొన్నది. అదే ఏడాది డెట్రాయిట్‌లో చూపించిన నమూనాయే 2011లో రేంజ్ రోవర్ ఇవోక్ అయి లివర్‌పూల్ దగ్గరి హేల్‌వుడ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. పొడవు నాలుగున్నర మీటర్లలోపే. ఆ మొదటి తరం ఆటోమేటిక్ బండిలో గేరు కర్ర ఉండేది కాదు. స్టార్ట్ చేయగానే గుండ్రటి మీట ఒకటి కన్సోల్ లోంచి పైకి లేచేది. ఎంత నేర్పుగా కుట్టినా వెనక సీటు మాత్రం నాకు నచ్చదు. కప్పు వెనక్కి వాలి, కిటికీలు సన్నబడి అటకమీద కూర్చున్నట్టుంటుంది. పైన పరిచిన అద్దం ఆ ఇరుకును కొంత మరిపిస్తుంది. 2018 నాటి రెండో తరంలో చక్రాల మధ్య దూరాన్ని రెండు సెంటీమీటర్లు పెంచి మోకాళ్లకు కాస్త చోటిచ్చారు.

ఆ బండి సీట్లకు తోలు వద్దనుకుంటే ఉన్ని కలిపిన బట్టో, యూకలిప్టస్ నారతో నేసిన గుడ్డో ఎంచుకునే వీలిచ్చారు. ఇది కొత్త సంగతేమీ కాదు. వందేళ్ల కిందటి లిమోజీన్లలో ఎండావానలు తట్టుకోవాల్సిన డ్రైవరు సీటుకే తోలు, లోపల కూర్చునే యజమానికి మెత్తటి ఉన్ని బట్ట.

తాను చేసిన బండి నగరాల్లో హోదా చిహ్నంగా మారడం కింగ్‌కు నచ్చలేదు. ఆ మాట 2004లో బాహాటంగానే అన్నాడు. 2010 జూన్ నెలాఖరులో ఆయన కన్నుమూశాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే లండన్‌లోని కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో, ఫ్యాషన్ డిజైనర్ విక్టోరియా బెక్‌హమ్‌ను పక్కన నిలబెట్టుకుని, ఇవోక్ మీది ముసుగు తీశారు.