పలికే పలక

పసివాళ్లకు ఆటలో చదువు కలిపి పెట్టడం మన ఇళ్లకు కొత్త విద్యేమీ కాదు. చింతగింజలతో అంకెలు, వామనగుంటల్లో కూడికలూ తీసివేతలూ ఏనాటి నుంచో ఉన్నవే. అయితే అరచేతిలో ఇమిడే యంత్రం ఒకటి పంతులమ్మ అవతారం ఎత్తడం మాత్రం మన కాలపు ముచ్చట.

1976లో అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు ‘లిటిల్ ప్రొఫెసర్’ అనే బొమ్మను బజారులోకి తెచ్చారు. పైకి మీసాల మాస్టారు, లోపల తిరగేసిన కాలిక్యులేటరు. లెక్క అది అడుగుతుంది, జవాబు పిల్లవాడు చెప్పాలి. 1978లో వాళ్లదే ‘స్పీక్ అండ్ స్పెల్’ వచ్చింది. అందులో టేపూ లేదు, రికార్డూ లేదు. ఒక రేడియో అనౌన్సరు గొంతును అంకెలుగా మార్చి చిప్పులో దాచేశారు! అది ఒక మాట పలుకుతుంది, పిల్లవాడు స్పెల్లింగు నొక్కాలి. 1982లో వచ్చిన ‘ఇ.టి.’ సినిమాలో ఆ వింతజీవి ఇంటికి కబురంపడానికి వాడుకున్నది ఈ బొమ్మనే. తరవాత ఇంకా చిన్న పిల్లల కోసం కూడా ఇలాంటివి వచ్చాయి. 2003లో లీప్‌ఫ్రాగ్ కంపెనీ ‘లీప్‌స్టర్’ తెచ్చింది. బుజ్జి తెర, గీయడానికి పుల్లలాంటి పెన్ను, నాలుగు సెల్లులు. ఆ కంపెనీ పెట్టిన మైకేల్ వుడ్ ఒక లాయరు. తన కొడుకు అక్షరానికీ శబ్దానికీ లంకె కుదరక అవస్థ పడుతుంటే ఆయనకు ఈ వ్యాపారం తట్టిందట.

అసలు కిటుకంతా ఇక్కడే ఉందని నా అనుమానం. ఇంగ్లీషులో రాత ఒకటి, పలుకు ఒకటి. ఆ బాధకు పుట్టిన మందు ఈ యంత్రాలు. మనకు ‘క’ రాస్తే ‘క’ అనే పలుకుతాం. మన పిల్లల తంటా అంతా గుణింతాలతో, ఒత్తులతో. వాటికి మందు ఈ పెట్టెల్లో ఎక్కడుంది?

అమెరికా చుట్టాలు తెచ్చిన లీప్‌స్టర్‌ను నేను మొదటిసారి చూసింది జనగామలో, మా చిన్నమ్మ ఇంట్లో. “గిదేందే బిడ్డా, ఊకె ఒర్రుతాంది?” అని ఆమె విసుక్కుంది. నాలుగేళ్ల మనవడు మాత్రం నోరు తెరుచుకుని వింటున్నాడు. సెల్లులు అయిపోగానే అది బీరువా ఎక్కింది.

ఇటు జాతర దుకాణాల్లో మా వాళ్లు ‘వీడియో గేమ్’ అని కొన్నది ఇటుకలు రాలే చైనా పెట్టె. 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉన్న మేడారంలో సైతం అదే. దాంట్లో చదువు సున్న. కానీ ఏమాటకామాటే, దానికి భాష అక్కర్లేదు. గని కార్మికుడి కొడుకైనా, కోయగూడెం పిల్లైనా ఒకే తీరుగా ఆడుకున్నారు.

2016లో పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరే జిల్లాలయ్యాయి. అదే ఏడు లీప్‌ఫ్రాగ్‌ను హాంకాంగ్ వాళ్ల వీటెక్ కొనేసింది. ఈ రెంటికీ సంబంధం లేదు లెండి!

బడికి పోని పిల్లలకు మన ప్రభుత్వం ఏర్పరచిన ఏర్పాటు వేరే ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం కింద నడిచే అంగన్‌వాడీ. మహబూబాబాద్ దగ్గరి ఒక తండాలో చూశాను. ఆ పిల్లలకు తెలుగు కూడా ఇంటి భాష కాదు. లంబాడీ మాటకు సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటున్నారు. “నీళ్లు చూపించు” అని టీచరు అడిగితే మూడేళ్ల పిల్ల తెల్లమొహం వేసింది. టీచరు నవ్వి, “పాణి” అంది. పిల్ల లేచి కుండ దగ్గరికి పరుగెత్తింది.