యాది ఉన్న పెట్టె

1978 అనగానే జగిత్యాల వాళ్లకు సెప్టెంబరు నాటి రైతుకూలీల జైత్రయాత్ర గుర్తొస్తుంది. ఆ ఏడాది జనవరిలోనే అమెరికాలో డేవ్ స్మిత్ అనే ఇంజనీరు సంగీత వాద్యాల ప్రదర్శనకు ఒక పెట్టె పట్టుకొచ్చాడు. అదో సింథసైజర్, పేరు ప్రాఫెట్-5. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ పెట్టె తెచ్చిన మార్పు తిరిగి తిరిగి కోరుట్ల లగ్గాల దాకా వచ్చింది. తెచ్చినవాడి కంపెనీ మాత్రం ఆ తర్వాత పదేళ్లు నిలవలేదు.

అంతకుముందు సింథసైజర్లకు మతిమరుపు. 1970లో వచ్చిన మినీమూగ్‌లో మంచి టోను కుదిరితే ఏ నాబ్ ఎక్కడుందో కాగితం మీద బొమ్మ గీసుకోవాలి. పాటకూ పాటకూ మధ్య జనం చప్పట్లు కొడుతుంటే, వాయించేవాడు ఆ కాగితం చూస్తూ నాబ్‌లు తిప్పుకోవాలి. వెంట్రుకవాసి అటైనా ఇటైనా నిన్నటి టోను ఇవాళ రాదు.

స్మిత్ 1974లో శాన్ హోసేలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ పెట్టాడు. ప్రాఫెట్-5లో ఆయన జెడ్80 అనే మైక్రోప్రాసెసర్‌ను కూర్చోబెట్టాడు. అది ప్రతి నాబ్ స్థానాన్నీ అంకెగా చదివి దాచుకుంటుంది. మీట నొక్కితే చాలు, దాచిన టోను అచ్చంగా తిరిగొస్తుంది. మొదటి పెట్టెల్లో అలా నలభై టోన్లు పట్టేవి. సిరిసిల్లలో సాంచాలు ఎరిగిన వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు: జకార్డ్ అట్టల రంధ్రాల్లో డిజైను ఉన్నట్టే, ఇక్కడ టోను అంకెల్లో ఉంటుంది. తేడా ఒక్కటే. అట్ట అటక మీద పడి ఉన్నా రంధ్రం పూడిపోదు. ఈ పెట్టె యాదిని కాపాడేది లోపలి చిన్న బ్యాటరీ. అందుకే తర్వాతి నమూనాల్లో టోన్లను మామూలు క్యాసెట్లోకి ఎక్కించుకునే ఏర్పాటు కూడా పెట్టారు. ఆ క్యాసెట్ టేపురికార్డరులో వేస్తే వినిపించేది కీచురొదే. టోన్ల లెక్కంతా అందులోనే!

ఆ తర్వాత స్మిత్ ఇంకో పని చేశాడు. నా దృష్టిలో మొదటిదానికంటే అదే గొప్పది. వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని 1981లో ప్రతిపాదన పెట్టాడు. రోలాండ్ అధినేత ఇకుతారో కకెహాషి, ఇతర జపాన్ కంపెనీలు కలిసొచ్చాయి. 1983 జనవరిలో స్మిత్ కంపెనీ ప్రాఫెట్-600కూ రోలాండ్ జూపిటర్-6కూ తీగ కలిపి చూపించారు. అదే మిడి. దాని మీద రాయల్టీ ఎవరూ అడగలేదు. ఎవరి పెట్టె అయినా ఎవరి పెట్టెతోనైనా కలుస్తుందంటే, చవకగా చేసేవాడికి తలుపు బార్లా తెరిచినట్టే.

ఆ ఏడాదే యమహా డీఎక్స్7 వచ్చింది. లోపల 32 టోన్లు, గంటలకొద్దీ వాయించినా చెదరని శ్రుతి, ధర ప్రాఫెట్‌లో సగం. నాబ్‌లు లేవు, చిన్న తెర, వరస మీటలు. దాంతో కొత్త టోను కట్టడం ఎంత కష్టమంటే, కొన్నవాళ్లలో చాలామంది కంపెనీ నింపి ఇచ్చిన టోన్లతోనే కాలం వెళ్లదీశారు. ఆ దశాబ్దపు పాటల్లో ఒకే ఎలక్ట్రిక్ పియానో అన్నిచోట్లా మోగడానికి కారణం అదే. వాయించేవాడు తనకు నచ్చిన టోను తానే కట్టుకుని దాచుకుంటాడని స్మిత్ మెమరీ ఇస్తే, లోకం దాన్ని రెడీమేడ్ సరుకు నింపే గిడ్డంగి చేసుకుంది.

మన దగ్గరా అంతే. చెన్నై స్టూడియోల్లో టోను కట్టుకునే తీరిక ఉండేది. అక్కడ సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడే తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. కోరుట్ల, జగిత్యాల లగ్గాల్లో వాయించే ఆర్కెస్ట్రాకు ఆ తీరిక ఎక్కడిది? ఒక నంబరు నొక్కితే షెహనాయి, ఇంకోటి నొక్కితే తీన్మార్ రావాలి. ఆ నంబర్లు సర్దుకోవడమే సగం విద్య. నాణెమంత బ్యాటరీ మీద బతికే పాత కీబోర్డుల్లో అది చచ్చిన రోజు నంబర్లుంటాయి, వాటి వెనక మనం దాచుకున్నవి ఉండవు. బతికుండగానే మిడి తీగతో కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. లగ్గాల సీజన్లో అది గుర్తుండేది ఎవరికి? ఇప్పుడైతే బరాత్ ముందు డీజే బండి నడుస్తుంది, పాట మొత్తం పెన్‌డ్రైవ్‌లోనే ఉంటుంది.

ఆ రోజుల్లో అక్కడ అమెరికాలో సీక్వెన్షియల్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. శాంప్లర్ చేసింది, డ్రమ్ మెషీన్లు చేసింది, 1986లో ప్రాఫెట్ వీఎస్ తెచ్చింది. జపాన్ ధరల ముందు ఏదీ ఆగలేదు. 1987లో కంపెనీని యమహాయే కొనేసింది. పేరు కూడా దానితోనే పోయింది. మిగిలిన బృందం 1989లో జపాన్ కంపెనీ కోర్గ్‌లో చేరి, మరుసటి ఏడు వేవ్‌స్టేషన్‌ను బయటికి తెచ్చింది. మంచి వాద్యమే. దాని మీద ఉన్న పేరు మాత్రం కోర్గ్‌ది.

2002లో స్మిత్ మళ్లీ సొంత కంపెనీ పెట్టుకున్నాడు. సీక్వెన్షియల్ అనే పేరు తనది కాదు కనుక, డేవ్ స్మిత్ ఇన్‌స్ట్రుమెంట్స్ అని పెట్టుకున్నాడు. 2015లో కకెహాషి నచ్చజెప్పగా యమహా ఆ పేరును తిరిగిచ్చింది. 28 ఏళ్ల తర్వాత. 2020లో ప్రాఫెట్-5ను మళ్లీ తయారుచేశాడు. ఈసారి ఫ్యాక్టరీ టోన్లు 200, వాయించేవాడు మార్చి దాచుకోగలిగినవి ఇంకో 200. మరుసటి ఏడాది కంపెనీ బ్రిటన్‌లోని ఫోకస్‌రైట్ చేతికి వెళ్లింది. 2022 మే 31న, 72 ఏళ్ల వయసులో, డేవ్ స్మిత్ కన్నుమూశాడు.