దారిబత్తెం నుంచి పులిహోర పొట్లం దాకా: తుని ప్రాంతపు ఆపత్కాలాహార చరిత్ర

1. చద్ది, బత్తెం

ప్రయాణంలో వెంట తీసుకొనిపోయే తిండికి తెలుగులో ప్రధానంగా రెండు మాటలున్నాయి. వండిన అన్నాన్ని మూటగట్టుకొంటే అది చద్ది. వండని సరుకునో, వండనవసరం లేని ఎండు తినుబండారాన్నో కట్టుకొంటే అది బత్తెం. వాడుకలో ఈ హద్దు ఎల్లవేళలా ఇంత కచ్చితంగా నిలవకపోవచ్చు గాని, ఆపత్కాలంలో ప్రజలు ఏమి తిని బతికారన్న ప్రశ్నకు ఈ భేదం మంచి ఆధారం. చద్ది బరువైనది, ఒకటి రెండు పూటలకు మించి నిలవనిది. బత్తెం తేలికైనది, నెలల తరబడి ఉండేది. పెద్దలమాటను చద్దిమూటతో పోల్చిన సామెత మొదటిదానికే గౌరవం కట్టబెట్టింది. అయితే తుపాను, వరద, కరవు వచ్చిన ఇంటిని ఆదుకొన్నది చాలాకాలంపాటు రెండవదే.

గోదావరి మండలంలో గత అర్ధశతాబ్ది వరద సహాయానికి గుర్తుగా నిలిచినది పులిహోర పొట్లం. స్వభావరీత్యా అది చద్ది. ఎండు సరుకును నిలవచేయడంలో ఇంత నేర్పు గల ప్రాంతంలో ఆపత్కాలాహారం తిరిగి వండిన అన్నం వైపు ఎందుకు మళ్ళింది? దానికి చెల్లించిన మూల్యమేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి డెల్టా నడిబొడ్డు కంటె దాని ఉత్తరపు అంచున ఉన్న తుని అనువైన స్థానం.

2. దారి మీది ఊరు

పూర్వపు తూర్పుగోదావరి జిల్లాలోనూ, 2022 నుంచి కాకినాడ జిల్లాలోనూ ఉన్న తునికి పడమట ఏజెన్సీ కొండలు, తూర్పున కొద్ది దూరంలోనే సముద్రం. తాండవ నది దీనిని పాయకరావుపేట నుంచి వేరుచేస్తుంది. గోదావరి కాలువల నీరు ఇంతవరకు రాదు, ఇది మెట్ట. విశాఖపట్నం నుంచి రాజమహేంద్రవరం వైపు సాగే దారి మాత్రం ఈ ఊరి మీదుగానే పోతుంది. జగన్నాథ యాత్రికులు, బోయీలు, కావడివాళ్ళు, సైనికులు నడిచిన కోస్తా దారి ఇదే. 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామి, తిరుగు ప్రయాణంలో ఈ కోస్తా మార్గాన్నే పట్టాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో ఊరూరా అంగళ్ళున్నాయా, ఏ సరుకు దొరుకుతుంది, నీటివసతి ఎట్లా ఉంది అన్న విషయాలు శ్రద్ధగా నమోదయ్యాయి. పెద్ద పరివారంతో నడిచే యాత్రికుడికి అవి అలంకారప్రాయమైన వివరాలు కావు. మజిలీలో సరుకు దొరకని నాడు మూటలో ఉన్నదే దిక్కు.

కాలినడక ప్రయాణికుడు మూట కట్టేటప్పుడు చేసే లెక్క నేటి పోషకాహార పట్టికలతోనూ సరిపోతుంది. వండిన అన్నంలో మూడింట రెండు వంతులకు పైగా నీరే. వంద గ్రాముల అన్నం ఇచ్చేది సుమారు 130 కిలోకేలరీలు. అంతే బరువు అటుకులు 350 వరకు, బెల్లం కూడా దాదాపు అంతే, నువ్వులు, వేరుశనగ పప్పు 560కి పైగా ఇస్తాయి. విపత్తువేళ ఒక మనిషికి దినానికి 2,100 కిలోకేలరీలు కావాలని నేటి అంతర్జాతీయ సహాయ ప్రమాణాలు చెపుతున్నాయి. పావుకిలో అటుకులు, వంద గ్రాముల బెల్లం, నూటయాభై గ్రాముల వేరుశనగ పప్పు కలిపితే ఆ లెక్క ఇంచుమించు పూర్తవుతుంది. మొత్తం బరువు అరకిలో. అదే శక్తిని అన్నంగా మోయాలంటే కిలోన్నర దాటుతుంది. మూడు రోజుల దారికి ఈ తేడా మూడు కిలోల పైమాటే, పైగా ఆ అన్నం రెండవనాటికే పులిసిపోతుంది.

వేరుశనగ ఇక్కడ పాతపంట కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ గింజ ఆంధ్రదేశంలో విస్తరించినది పంతొమ్మిదో శతాబ్ది చివరనుంచి. అంతకు ముందు ఆ స్థానం నువ్వులది. మెట్టపొలాల నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలి బలవర్ధకమైన తీపిగా ఇప్పటికీ వాడుకలో ఉంది. దారిబత్తెంగా చూసినపుడు, తక్కువ బరువులో ఎక్కువ శక్తినిచ్చే పదార్థాల్లో దానికి సాటివచ్చేవి కొద్ది.

3. అటుకులు, పేలపిండి, తాండ్ర

నిలవ ఆహారపు రహస్యం రెండు పనుల్లో ఉంది: ముందే ఉడికించడం, తరువాత నీటిని తీసివేయడం. వడ్లను నానబెట్టి, వేడిచేసి, రోటిలో దంచితే వచ్చే అటుకుల్లో పిండిపదార్థం అప్పటికే ఉడికి ఉంటుంది. నీళ్ళు చిలకరిస్తే చాలు, పొయ్యి అవసరం లేదు. గతిలేని వేళ పొడిగానే నమలవచ్చు. పేలాలు, మరమరాలు ఇంకా తేలికైనవి. కాని అవి బరువుకు తేలికే తప్ప చోటుకు కావు: బస్తాడు మరమరాలు తూకానికి కొద్దిపాటివే. పేలాలను విసిరి పేలపిండి చేస్తే ఈ చిక్కు తీరుతుంది. ఆషాఢమాసపు తొలి ఏకాదశినాడు పేలపిండిని బెల్లంతో కలిపి తినే ఆచారం, సరిగ్గా వానలు దిగి ఏర్లు పొంగే వేళకు ఇంటింటా ఈ పిండి సిద్ధమయ్యేట్టు చేస్తుంది. ఆచారానికి ఇదే కారణమని చెప్పలేము. కాలం కలిసివచ్చిందని మాత్రం చెప్పవచ్చు.

నిజానికి ఈ ప్రాంతపు పంచాంగమంతా ఈ దృష్టితో చదవదగినది. సంక్రాంతినాటికి కొత్త ధాన్యం, దానితో అటుకులు, అరిసెలు. ఏప్రిల్, మే నెలల ఎండలో వడియాలు, మామిడి ఒరుగులు, ఊరగాయలు. తుని చుట్టుపట్ల మామిడితోటల కాపు ఒక్కసారిగా మీదపడే రోజుల్లో, మిగలముగ్గిన పండ్ల రసాన్ని చాపల మీద పూతమీద పూతగా పరచి ఎండబెడితే తాండ్ర. రెండు రోజుల్లో కుళ్ళిపోయే పండు సంవత్సరం పొడుగునా నిలుస్తుంది. జూలై, ఆగస్టుల్లో వరదలు, అక్టోబరు, నవంబరుల్లో తుపానులు వచ్చే తీరానికి వేసవి ఎండే సన్నాహకాలం.

నిలవకు శత్రువు తేమ. మట్టికుండ మూతికి గుడ్డ కట్టినంత మాత్రాన శ్రావణ భాద్రపదాల గాలిలోని చెమ్మ ఆగదు. అందుకే పొడి ఎండ కాసిన నాడల్లా సరుకును తిరిగి ఎండబోయడం గృహిణుల పని. ఇరవయ్యో శతాబ్దిలో ఖాళీ కిరసనాయిలు డబ్బా ఇంట అడుగుపెట్టి ఈ శ్రమను కొంత తగ్గించింది. ఆహారచరిత్రకారులు వంటకాలకిచ్చిన ప్రాధాన్యం ఈ రేకుడబ్బాకు ఇవ్వలేదు, ఇవ్వవలసింది. రెండవ శత్రువు నూనె కంపు. అరిసెలు, జంతికలు రుచికి మిన్న అయినా నూనెలో వేగినవి కనుక కొన్ని వారాలకు కమరువాసన పడతాయి. దంపుడుబియ్యం పోషకాలలో మేలైనా తవుడులోని నూనెవల్ల పాలిషు బియ్యం కంటె త్వరగా చెడుతుంది. ఊరగాయకు నువ్వులనూనె ఎంచుకోవడంలో రుచితోపాటు ఆ నూనె త్వరగా చెడదన్న అనుభవం కూడా ఉంది.

మూడవ చిక్కు దాహం. ఉప్పుచేప, ఊరగాయ ఏళ్ళతరబడి నిలిచినా మంచినీరు దొరకని చోట అవి మేలుకన్న కీడే చేస్తాయి. ఉప్పెన వచ్చి బావులు ఉప్పునీటిమయమైన తీరంలో దినానికి మనిషికి కావలసిన రెండు మూడు లీటర్ల నీరే తిండికంటె ఎన్నోరెట్లు బరువు. బరువు, నిలవ, దాహం అన్న మూడింటి మధ్య ఏ పదార్థమూ పూర్తిగా గెలవదు. ప్రతి ఇల్లూ చేసినది చివరకు తుని తగవే.

4. కొండమీద మరొక లెక్క

తునికి పడమటి కొండల్లో ఆపత్కాలాహారం పండుగ పిండివంట కాదు, అడవి ఇచ్చిన ఆఖరి ఆసరా. జీలుగు చెట్టు మానులోని పిండి, నానబెట్టి వగరు పోగొట్టిన మామిడి జీడి తూర్పు కనుమల గిరిజనులకు వానాకాలపు కొరతలో తిండి. గోదావరి కొండరెడ్ల గురించి 1945లో వెలువడిన హైమన్‌డార్ఫ్ గ్రంథం జీలుగుపై వారి ఆధారాన్ని వివరంగా చూపింది. ఎండిన మామిడి టెంకలు తేలికైనవి, నిలవ ఉండేవి. కాని చెమ్మ తగిలి బూజుపడితే అవే ప్రాణాంతకం. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో సంభవించిన మరణాలను మామిడి జీడి అంబలితో ముడిపెట్టి పెద్ద వివాదం నడిచింది. అవి విషాహార మరణాలా, ఆకలి మరణాలా అన్నదే ఆ వివాదం. గింజ కొనగలిగిన ఇంట ఆ టెంక పొయ్యి మీదికి ఎక్కి ఉండేది కాదు గనుక రెండింటినీ విడదీయడం తేలిక కాదు.

5. అధికారుల తూకం

ఒక మనిషి ప్రాణం నిలపడానికి ఎంత బరువు తిండి చాలునన్న ప్రశ్న పంతొమ్మిదో శతాబ్దిలో ప్రభుత్వ ప్రశ్నగా మారింది. 1832–33 కరవు, 1839 నాటి కోరంగి ఉప్పెన గోదావరి మండలాన్ని కుంగదీశాయి. 1821లో 7,38,308గా లెక్కకు వచ్చిన రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. ఈ పతనమే ధవళేశ్వరం ఆనకట్టకు (1847–1852) ప్రధాన వాదమైంది. కాలువల డెల్టా వరి అన్నానికి స్థిరపడింది; తుని వంటి మెట్ట మాత్రం చోడి, గంటె, నువ్వులతోనే చాలాకాలం సాగింది.

1876–78 మహాకరవులో మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, సహాయపు పనుల్లోని కూలీకి దినానికి ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి చిల్లర చాలునని నిర్ణయించాడు. పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఆ పరిమాణాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. 1877లోనే ప్రభుత్వం ఆ కూలిని పెంచవలసి వచ్చింది. ఒక పౌను అంటే 450 గ్రాములు, పైన చూసిన అరకిలో మూటకు దాదాపు సమానమైన బరువు. కాని అది బియ్యమే అయితే ఇచ్చే శక్తి 1,600 కిలోకేలరీలకు మించదు. పప్పు లేదు, నూనెగింజ లేదు, బెల్లం లేదు. బాటసారి తన మూటలో చూసుకొన్న పాళ్ళను అధికారి తూకం చూడలేదు.

వలస ఓడల నిర్వాహకులు ఈ విషయంలో కొంత మెరుగు. కూలీలను సముద్రాంతర తోటలకు తరలించిన ఓడల ఆహార పట్టికల్లో, గాలివానవల్ల పొయ్యి వెలిగించలేని దినాలకని అటుకులు, వేయించిన శనగలు, బెల్లం లేదా పంచదార, బిస్కత్తులు వేరుగా ఉంచేవారు. ఓడలో మనిషి బతికి ఒడ్డుచేరితేనే గుత్తేదారుకు లాభమన్నది మరువరాదు.

6. పొట్లం

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు పైగా ప్రజలు మరణించారు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 1996 నవంబరు 6న కాకినాడ తీరాన్ని దాటిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. ఇటువంటి విపత్తుల్లో ముంపుబడని ఊళ్ళ వారు గాడిపొయ్యిలు తవ్వి, గుండిగల కొద్దీ పులిహోర కలిపి, పొట్లాలు కట్టి పడవల మీద పంపడం, అధికారులు హెలికాప్టర్లనుంచి జారవిడవడం ఈ నేలకు పరిచితమైన దృశ్యాలయ్యాయి.

ఎంపిక అవివేకమైనది కాదు. బాధితుడి వద్ద ఎండుకట్టె లేదు, గిన్నె లేదు, మంచినీరు లేదు. బియ్యం ఇస్తే వండుకోలేడు. చింతపండు పులుపు, నూనె, పసుపు కలిసిన అన్నం తెల్లన్నం కంటె కొన్ని గంటలు ఎక్కువ నిలుస్తుంది. బియ్యం, చింతపండు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. చందాలు పోగుచేసి సరుకు తెప్పించే వ్యవధి అక్కరలేదు. అన్నిటికన్న ముఖ్యం, అది అన్నం. ఆకలితో చూరు మీద కూర్చున్నవాడికి అటుకుల పొట్లం ఫలహారంగానే తోస్తుంది, భోజనంగా కాదు. కాలువల డెల్టాలో అన్నానికి ఏర్పడిన ఈ స్థానమే చద్దిని తిరిగి గెలిపించింది.

కాని పొట్లం ఒక్క దినపు వస్తువు. ఉడికిన అన్నంలో చావక మిగిలే బాసిల్లస్ సీరియస్ బీజాలు, వేడిగా కట్టిన పొట్లంలో గంటల తరబడి పెరుగుతాయి. పులుపు వాటిని కొంత అడ్డగిస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. దారి తెగి పడవ రెండవనాడు చేరితే ఆ పొట్లం పనికిరాదు. పొట్లం ప్రతిరోజూ రావాలి. అంటే బాధితుడు ప్రతిరోజూ ఎదురుచూడాలి. బత్తెం ఇంటివాళ్ళ చేతిలో ఉంటుంది, పొట్లం పంచేవాళ్ళ చేతిలో. ఆపత్కాలాహారం చద్దిగా మారడంలో జరిగిన అసలు మార్పు ఈ చేయి మారడమే. పడవ చివరగా చేరేది ఊరి చివరి పేటకే గనుక దీని భారం అందరిమీద సమానంగా పడలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటినపుడు, తునికి వంద కిలోమీటర్ల లోపునున్న ఆ మహానగరంలో విద్యుత్తు, రవాణా స్తంభించి పాలకు, తాగునీటికి సైతం ప్రజలు బారులు తీరారు. శీతలపెట్టె మీద, రోజువారీ అంగడి మీద ఆధారపడిన వంటింట్లో మూడు రోజులకు సరిపడే ఎండు సరుకు అరుదు. తుపాను హెచ్చరికతోపాటు విపత్తు నిర్వహణ సంస్థలు ఇప్పుడు ఎండు ఆహారం, తాగునీరు, టార్చిలైటు, మందులు సంచిలో సిద్ధం చేసుకొమ్మని చెపుతున్నాయి. ఆ సంచిలోకి ఎక్కువగా చేరుతున్నవి బిస్కత్తులు, రొట్టె. రొట్టె మూడవనాటికి బూజుపడుతుంది. గాలి చొరని డబ్బాలో పోసిన అటుకులు, నువ్వుల చిమ్మిలి తుని అంగళ్ళలో నేటికీ దొరికే సరుకులతోనే తయారవుతాయి. తాండ్ర సైతం చుట్ల లెక్కన అమ్ముతారు, కాకపోతే మిఠాయి దుకాణంలో.