జపానువారి పొగాకుతిత్తియుఁ దెలుఁగుతీరపుఁ జీటిగుడ్డయు

తాంబూలము సేవించు దేశమున అడపము పుట్టినట్లే పొగాకు సేవించు దేశములందు దాని నుంచుకొనుటకుఁ దిత్తియుఁ బుట్టినది. అడపమును మన ప్రబంధపాఠకు లెల్లరు నెఱుఁగుదురు. జపానుదేశీయులు పొగాకునకును, దానిని పీల్చు గొట్టమునకును గుడ్డతో నొక యుపకరణమును గుట్టుకొని, దాదాపు మూఁడువందల యేండ్లు దానికి మెఱుఁగులు దిద్దుచు వచ్చిరి. వస్తువు చిన్నదే. కాని దానిపైఁ గప్పిన గుడ్డ యొక్కొకచో మన తూర్పుతీరమున నద్దిన చీటిగుడ్డ యగుటచే, దాని చరిత్రమున మనకును గొంత భాగము కలదు. ఆ భాగ మెంతయో హెచ్చింపకయుఁ దగ్గింపకయు నిర్ణయించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

పొగాకును జపానునకుఁ దెచ్చినవారు ఐరోపా నావికులు. 17వ శతాబ్దారంభమునకే దాని వ్యసనము వ్యాపించుటచేఁ బ్రభువులు 1612లో నిషేధించిరి. పిమ్మటను బలుమాఱు నిషేధించిరి. నిషేధము నిలువలేదు. శబ్దవిషయమున నొక వింత యున్నది. మనవారు పొగ, ఆకు అను రెండు దేశ్యశబ్దములఁ గూర్చి పొగాకు అని సమాసము చేసి, యట్లే పలుకుచున్నారు. జపానువారు చీనాలిపిలో పొగ, గడ్డి అను నర్థము గల రెండక్షరములను వ్రాసి, వానిని పోర్చుగీసుపదము ననుసరించి 'తబాకొ' అని చదువుదురు. అనఁగా అర్థము కంటికి, శబ్దము చెవికి వేఱువేఱుగా నందును. పీల్చు గొట్టమునకు 'కిసెరు' అని పేరు. ఇది కాంభోజభాషాపదమని పలువురు విద్వాంసుల మతము. ఆ గొట్టపు నడిమి వెదురునకు 'రవు' అని పేరు. లావు దేశమునుండి వచ్చిన వెదురగుటచే నా పేరు కలిగినదందురు. వారి భాషలో లకారము లేదు గావున రకారమే దాని పనియుఁ జేయును. రలలకు భేదము లేదను మన శాస్త్రసమయ మచ్చట నిత్యవిధి!

తిత్తికి 'తబాకొఇరె' యని పేరు. 'ఇరె' యనునది యుంచుట యను నర్థము గల ధాతువునుండి వచ్చినది. జలధి, శరధి శబ్దములందువలెనే దీనియందును అధికరణార్థమే. పొగాకు దేనియం దుంచఁబడునో యది తబాకొఇరె. అమ్ములపొది నుద్దేశించిన శరధిశబ్దముతో దీనికిఁ బోలిక సరిగా నున్నది.

జపాను ఉడుపులకు జేబులు లేవు. కావున తిత్తిని నడికట్టునకు వ్రేలఁగట్టుదురు. కొందఱు దానిని మడిచి ఱొమ్మునొద్ద వస్త్రపు మడతలోఁ జొనుపుకొందురు. వ్రేలాడు తిత్తికిఁ ద్రాడు, త్రాటిని బిగించుటకొక పూస, ఆ త్రాడు కట్టునుండి జాఱకుండఁ బైకొనకుఁ జెక్కిన బొమ్మ యొకటి యుండును. ఆ బొమ్మయే 'నెత్సుకె' యని లోకమునఁ బ్రసిద్ధి కెక్కినది. గొట్టమునకు వేఱుగా నొర యుండును. సంగ్రహకులు నెత్సుకెను గొనియాడినంతగాఁ దిత్తిని గొనియాడలేదు. ఏనుఁగుదంతము నిలుచును, గుడ్డ చివుకును; చివుకుదానికిఁ గీర్తి తక్కువ.

కుట్టుట సులభమని తోఁచును గాని కాదు. వెండ్రుకలవలె సన్నముగాఁ దఱిగిన పొగాకు గావున నే చిన్న సందున్నను రాలును. ఎండినచో రుచి చెడును. అందుచే గుడ్డకు లోపల కాగితమును బంకతో నంటించి, యంచులు లోనికి మడిచి, లోపలి యస్తరును వేఱుగాఁ గుట్టి, మీఁది మూఁతఱెక్కను లోహపు బిళ్ళతో మూయుదురు. బిళ్ళ బరువునకు మూఁత వంగకుండుటకే లోపలి కాగితపు గట్టిదనము. పనివాండ్రు దీనిని వృత్తిగాఁ జేసిరి. ఆఁడువారు చీనాంబరపుఁ దునుకలను బాఱవేయక చిన్నచిన్న సంచులుగాఁ గుట్టుట యింటింటి వినోదముగా నుండెను. 19వ శతాబ్దాంతమున బాలికాపాఠశాలలలో సంచులకుట్టు నేర్పఁబడుచుండెను. విలాసనిషేధశాసనములచేఁ బట్టణపు వర్తకులు పైవస్త్రమున నాడంబరము చూపరాకుండెను. కావున వారి సంపదయు రసికతయు నఱచేతఁ బట్టునంత గుడ్డపైకి దిగెను.

ఈ తిత్తులకు సాహిత్యముతోడను సంబంధము కలదు. ఎదొ నగరమున సాంతో క్యోదెన్ అను కథారచయిత యుండెను. జననము 1761, మరణము 1816. వేశ్యావాటికలను వర్ణించు పుస్తకములు వ్రాసె నను నేరమునకు 1791లో నతనికి ఏఁబది దినములు చేతులకు సంకెళ్లు వేసిరి. ప్రచురణకర్త యాస్తిలో సగము రాజు కైవసమయ్యెను. ఆ పిమ్మట 1793లో నతఁడు కాగితపుఁ బొగాకుతిత్తుల యంగడి పెట్టెను. తిత్తుల తీరును దానే కల్పించెను. అంగడి ప్రకటనలను మాటలకు మాఱుగా బొమ్మలు కూర్చి, చిత్రప్రహేళికలుగా రచించి పంచెను. అర్థమును విప్పుటకుఁ జదువరులు ముచ్చటపడిరి, తిత్తులును అమ్ముడుపోయెను. పాండిత్యముతో జీవించువాఁడు వర్తకము చేయుట మనవారు కొందఱు తక్కువగాఁ జూతురు. క్యోదెన్ అంగడి నడుపుచునే 1804లోను, 1814–15లోను బ్రాచీనాచారములను, వస్తువులను బరిశోధించు గ్రంథములు ప్రకటించినాఁడు. ముక్కుపొడుముడబ్బి చేతఁ బట్టుకొని శాస్త్రవిచారము చేయు మనకుఁ దిత్తులవాని శాస్త్రవిచారమును ఆక్షేపించు నధికారము లేదు.

ఇఁక గుడ్డసంగతి. విదేశపుఁ జీటిగుడ్డకు జపానులో 'సరస' యని పేరు. డచ్చివారు 17వ శతాబ్దపుఁ దొలి దశాబ్దముననే మచిలీపట్టణమున వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. 1609లో జపానునందలి హిరదొలో మఱొకటి. 1641లో నది నాగసాకి రేవునందలి దెషిమాకు మాఱెను. ఈ మార్గమున మన తీరపు గుడ్డలు నచ్చటికిఁ జేరెను. చిరివేరి యెఱుపు, నీలిమందు నీలము ఉదికినను బోవకుండుట యచ్చటివారికి వింతయయ్యెను. తునుకలను గూడ దాఁచి, తేనీటిపాత్రల యొరలకును బొగాకుతిత్తులకును వాడిరి. 1778లో 'సరస బెన్రన్' అను నమూనాల పుస్తకము వెలువడెను. 1785లో 'సరస జుఫు' వెలువడెను. దీని కర్త ఒసాకావాసి ఇనబ త్సూర్యూ. ఇతఁడే 1781లో ఖడ్గాలంకారములను గూర్చి యేడు సంపుటముల గ్రంథము వ్రాసి, కడపటి సంపుటమున నెత్సుకెశిల్పులను ఏఁబదిమందికిఁ బైగాఁ బేర్కొన్నవాఁడు. నడుమునకు వ్రేలాడు బొమ్మను, దానిక్రింది గుడ్డను ఒక్కఁడే పరిశీలించె ననుట గమనింపఁదగినది. బొమ్మ చెక్కినవారికిఁ బేళ్లు దక్కినవి. గుడ్డ నద్దిన మనవారి పేళ్లు దక్కలేదు.

ఈ 'సరస' శబ్దమును సంస్కృతమందలి సరసశబ్దమే యని చెప్పి సంతోషించుట సులభము. అట్లు సంతోషింపరాదు. సంస్కృతమున సరసము రసముతోఁ గూడినది; వస్త్రమను నర్థము కోశములం దెచ్చటను లేదు. పోర్చుగీసువారి వాడుకలోను జావాద్వీపపు వాడుకలోను దీనిఁ బోలిన పదము వస్త్రమునకుఁ గలదు. వారినుండియే జపానునకు వచ్చియుండును. శ్రేష్ఠమను నర్థము గల ఘూర్జరపదము మూలమని కొందఱందురు. ఆ విశేషణ మెప్పు డేభాషలో వస్త్రమునకు సంజ్ఞయయ్యెనో చూపినఁ గాని యదియు నూహయే. వర్ణసామ్యము వ్యుత్పత్తి కాదు.

అట్లే సరస యనిన ప్రతితునుకయు మచిలీపట్టణపుదని చెప్పరాదు. ఘూర్జరదేశపు గుడ్డలు విశేషముగాఁ బోయినవి, జావానుండియుఁ బోయినవి. పిమ్మట జపానువారే నాగసాకిలోను క్యోతోలోను ననుకరణములు చేసిరి. అచ్చుకొయ్యతో నద్దినదానిలో బొమ్మ యొకే కొలఁతతో మరల మరల వచ్చును. కలముతో వ్రాసినదానిలోఁ దీఁగె తీఁగెకును భేదముండును. కలముపని మన తీరమున విశేషముగా వర్ధిల్లినది గావునఁ బరీక్ష యిచ్చటినుండి మొదలిడవలయును. కాని మన తీరమునను అచ్చుపని కలదు గావున నిదియొక్కటియే చాలదు. రంగు, నూలు, నేఁతయుఁ జూడవలయును.

తిత్తుల కడపటి కథ స్వల్పము. 1876లో ఖడ్గధారణము నిషిద్ధమగుటచే ఖడ్గాలంకారములు చేయు కంసాలులు తిత్తుల బిళ్ళలు చేయసాగిరి. కొన్నియేండ్లు వైభవము హెచ్చెను. 1904లో బొగాకు తయారుచేయుట ప్రభుత్వపు గుత్తయయ్యెను. సిగరెట్టు ప్రబలఁగా గొట్టమును దిత్తియు నడుమును వీడినవి. తోక్యోనగరమున 1978లో స్థాపింపఁబడి 2015లో వేఱుచోటికి మాఱిన పొగాకు–ఉప్పు ప్రదర్శనశాలలో నేఁడు పొగాకుసేవకు సంబంధించిన ప్రాఁతపరికరములను జూడవచ్చును. హికొనె ప్రభువంశమువారు కూర్చిన సరసతునుకలు 450 తోక్యో జాతీయప్రదర్శనశాలలో నున్నవి. పెడన, మచిలీపట్టణముల యద్దకపుఁబని నెఱిఁగినవాఁ డొకఁడు వానిని దగ్గఱనుండి చూచినచో నీ వ్యాసమున విడిచిన నిర్ణయములలోఁ గొన్ని తీఱఁగలవు.