అభ్యంగనము: దానిని నిలిపిన చేతులు

శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారకమునుపే నువ్వులనూనె త్రాగి, ఆ నూనెనే మేనంతయు పూయించుకొని, గోచిబట్టతో నిలిచి మట్టితో చేసిన గొప్ప బరువుల నెత్తి, పట్టిన నూనె యంతయు చెమటయై వెడలు దనుక కత్తి త్రిప్పి, పిదప మల్లునితో పెనగి, గుఱ్ఱమెక్కి మైదానమున విహరించి, అటుపిమ్మటనే స్నానమున కేగుచుండెనని 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వ్రాసియుంచెను.

ఇది ఒక్క రాయల యలవాటు గాదు. పండ్రెండవ శతాబ్దిలోనే కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున స్నానమును రాజభోగములలో నొకటిగా వర్ణించెను. అతనికంటె ఎంతో పూర్వుడైన వాగ్భటుడు అష్టాంగహృదయమునందలి దినచర్యాధ్యాయమున అభ్యంగమును నిత్యవిధిగా చెప్పి, అది ముదిమిని, శ్రమను, వాతమును హరించి, కంటికి తేటదనమును, సుఖనిద్రను, చర్మమునకు దార్ఢ్యమును కలిగించుననియు, శిరస్సు, చెవులు, పాదములు అను మూడింటను విశేషముగా చేయవలెననియు విధించెను. అజీర్ణముతో నున్నవానికిని, కఫము ప్రకోపించినవానికిని ఇది కూడదని ఆయనయే నిషేధించుట నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచును. గుణమును చెప్పినవాడు హద్దునుగూడ చెప్పినప్పుడే గదా వైద్యుడగుట!

అయినను ఈ విద్య గ్రంథములవలన నిలువలేదు. కళ్లమున కొలిచి యిచ్చు మేరకే యేడాది పొడుగునను ఊరివారి యొళ్లు పట్టి, బెణుకులు సవరించిన మంగలులును, పురిటింట కాళ్లు చాచి కూర్చుండి, పసికందును ఆ కాళ్లపై పరుండబెట్టి, ఆముదము రాచి, నలుగుపిండితో రుద్ది, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసిన మంత్రసానులును, ఉగాదికిని భోగికిని నరకచతుర్దశికిని ఇంటిల్లిపాదికిని తలంటిన ముత్తవ్వలును దీనిని కాపాడిరి. వారి నేర్పును వైద్యమని పిలిచినవారు అరుదు. కూలి యనియో, ఆచారమనియో త్రోసివేసిరి. ఇది అన్యాయము.

1986లో అమెరికాలో కొందఱు పరిశోధకులు నెలలు నిండక పుట్టిన శిశువుల మేను నిమిరి, కాలుచేతులు మెల్లగా ఆడించి, దినమునకు మూడుమార్లు పదునైదేసి నిమిషముల చొప్పున పది దినములు పరీక్షింపగా, ఆ సేవ లేని శిశువులకంటె వారు 47 శాతము అధికముగా బరువు పెరిగిరి. అచట నూనె లేదు, నలుగు లేదు, స్పర్శయే పనిచేసినది. మంత్రసాని చేతికి ఇంతకంటె గట్టి సాక్ష్యము వేఱొకటి నాకు కానరాదు.

నేడు ప్రసవములు ఆసుపత్రులకు తరలినవి. ఐనను ఇల్లు చేరిన పసికందునకు నీళ్లు పోయుటకై చేయి తిరిగిన ముసలమ్మను వెదకి పిలిపించుకొను తల్లులు మన యూళ్లలోను, నగరములలోను నేటికిని కలరు.